గ్రీనా, పింకా అని అడిగినప్పుడు

విజయవాడ ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ కావాలన్నా ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "గ్రీనా సార్, పింకా?" చాలామంది బానెట్ ఎత్తినప్పుడు డబ్బాలో కనబడిన రంగును గుర్తు తెచ్చుకొని ఏదో ఒకటి చెప్పి సీసా పట్టుకొని వెళ్ళిపోతారు. నేను కూడా కారు కొన్న నాటి నుంచి అలాగే చేశాను. పోయిన ఏడాది మే నెలలో నడిరోడ్డు మీద ఇంజిన్ హీటెక్కి ఆగిపోవలసి వచ్చిన తరువాత, దాదాపు నెల రోజులపాటు ఈ విషయం గురించి చదివి, తెలిసినవారిని అడిగి, కొన్నిటిని స్వయంగా కొలిచి చూసుకున్నాక, ఆ ప్రశ్నకు రంగుతో జవాబు చెప్పకూడదని నాకు గట్టిగా అర్థమైంది. చూడవలసింది ఆ ద్రవంలో ఏ రసాయనాలు ఉన్నాయన్నదీ, దానిలో మనం ఏ నీళ్ళు కలుపుతున్నామన్నదీ. గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో బండి నడిపేవారికి ఈ రెండోది మొదటిదానికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. అలా ఎందుకు అంటున్నానో జరిగినది చెబితే తెలుస్తుంది.

మాది గుంటూరు. ఉద్యోగం విజయవాడలో కావడం వల్ల వారానికి ఐదు రోజులు జాతీయ రహదారి మీద రాకపోకలు తప్పవు. కారు కొరియా కంపెనీ వారి చిన్న పెట్రోలు బండి. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల వేళ, కాజ టోల్‌గేటు దాటి మంగళగిరి వైపు వెళ్తుండగా ఏసీ నుంచి ఉన్నట్టుండి వేడిగాలి రావడం మొదలైంది. గ్యాస్ అయిపోయిందేమో అనుకున్నాను కానీ, నిమిషం తిరగకుండానే టెంపరేచర్ ముల్లు పైగీతకు చేరుకుంది. ఇంజిన్ వేడి హద్దు దాటితే ఏసీ కంప్రెసర్‌ను ఆపివేసే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుందని, కాబట్టి వేసవిలో ఏసీ హఠాత్తుగా ఆగిపోతే ముందు చూడవలసింది ఆ ముల్లునేనని నాకు తరువాత తెలిసింది. బండిని రోడ్డు పక్కన వేపచెట్టు నీడకు చేర్చి, ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, ముప్పావు గంటసేపు రేడియేటర్ మూత జోలికి వెళ్ళకుండా కూర్చున్నాను. ఆ ఒక్క పని మాత్రం చిన్నప్పటి నుంచి నాన్నగారిని చూసి నేర్చుకున్నదే. లోపల ఒత్తిడిలో ఉన్న ద్రవం నూరు డిగ్రీలు దాటిన వేడితో ఉంటుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి, ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికీ చేతుల మీదికీ ఎగజిమ్ముతుంది.

బండిని ఆటోనగర్‌కు లాగించుకొని వెళ్ళిన తరువాత, అక్కడ ఎంతోకాలంగా పని చేస్తున్న ఒక పెద్దాయన థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకొని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) ఉన్న గూటిని విప్పి నన్ను దగ్గరకు పిలిచి చూపించారు. అల్యూమినియం గోడల మీద తెల్లటి పక్కు, అచ్చం మా ఇంట్లో గీజర్ రాడ్డుకు పట్టే సున్నపు పక్కులాంటిదే, గోరుతో గీకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. థర్మోస్టాట్ చుట్టూ అదే పేరుకొని అది పూర్తిగా తెరుచుకోలేని స్థితికి వచ్చింది. రిజర్వు డబ్బా అడుగున, చింతపండు పిసికిన తరువాత గిన్నెలో మిగిలే మడ్డిలాగా గోధుమరంగు ముద్ద ఒకటి చేరి ఉంది. "బోరు నీళ్ళు పోశారా బాబూ?" అని ఆయన అడిగారు. అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. అంతకు ముందు చలికాలంలో కింది హోస్ పైపు క్లిప్పు వదులై కూలెంట్ కారిపోయినప్పుడు, దారిలో కనబడిన ఒక చిన్న షెడ్డులో క్లిప్పు బిగించి, పక్కనే ఉన్న కుళాయి నుంచి రెండు లీటర్ల నీళ్ళు పట్టి పోసి, పైన ఒక ఆకుపచ్చ కూలెంట్ సీసా ఒంపి పంపారు. కంపెనీ నుంచి వచ్చినది గులాబీ రంగుది. నేను పక్కనే నిలబడి చూస్తూ కూడా ఏమీ అడగలేదు.

"రంగు చూసి మందు వేసుకుంటామా బాబూ, చీటీ మీద పేరు చూసి వేసుకుంటాం గదా, ఇదీ అంతే," అని ఆయన అన్నారు. "మరి ఈ తెల్లపక్కు కూలెంట్‌దా, నీళ్ళదా బాబాయి గారూ?" అని అడిగితే, "రెండూ కలిసినందువల్లే," అని ఆయన ఇచ్చిన జవాబు ఎంత సరైనదో నేను ఆ తరువాత చదివిన కొద్దీ అర్థమైంది.

కూలెంట్‌లో సింహభాగం నీళ్ళూ, ఇథిలీన్ గ్లైకాలూ. ఈ రెండూ దాదాపు అన్ని సీసాలలోనూ ఒకటే. తేడా అంతా మిగిలిన కొద్ది శాతంలో ఉండే తుప్పు నిరోధక రసాయనాలలో ఉంది. పాత పద్ధతిలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు, బోరేట్లు వంటి అకర్బన లవణాలు వాడేవారు; దీనిని ఐఏటీ అంటారు. ఇవి లోహం మీద అంతటా పలుచని పొర పరిచి త్వరగా రక్షణ ఇస్తాయి కానీ, త్వరగా ఖర్చయిపోతాయి కనుక రెండేళ్ళకొకసారి మార్చుకోవాలి. తరువాత వచ్చినది కర్బన ఆమ్లాలతో చేసే ఓఏటీ. ఇది తుప్పు మొదలయ్యే చోటనే పనిచేస్తుంది కనుక నెమ్మదిగా ఖర్చయి, ఐదేళ్ళ వరకూ నిలుస్తుంది. ఈ రెండింటినీ కలిపి చేసినవి హైబ్రిడ్ కూలెంట్లు. అసలు చిక్కు ఈ హైబ్రిడ్ల దగ్గరే ఉంది, ఎందుకంటే యూరప్ కంపెనీలు ఒక దారిన వెళ్తే, జపాన్, కొరియా కంపెనీలు మరో దారిన వెళ్ళాయి. యూరప్‌లో చాలాచోట్ల కుళాయి నీళ్ళు కఠిన జలం కావడం వల్ల, ఫాస్ఫేట్లు ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలతో కలిసి గట్టి పక్కుగా పేరుకుంటాయన్న కారణంతో అక్కడివారు ఫాస్ఫేట్లను వదిలిపెట్టి సిలికేట్లను తీసుకున్నారు. జపాన్‌వారు వాటర్ పంపు సీళ్ళు త్వరగా అరిగిపోతాయన్న కారణంతో సిలికేట్లను వదిలిపెట్టి ఫాస్ఫేట్లను తీసుకున్నారు. కొరియావారూ అదే దారిలో నడిచారు.

మా గుంటూరు బోరు నీళ్ళ సంగతి ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, సబ్బు నురుగు రాదు, కొత్త కుళాయికి ఏడాది తిరగకుండా తెల్లచార కడుతుంది. అటువంటి నీళ్ళను ఫాస్ఫేటు కూలెంట్ ఉన్న ఇంజిన్‌లో పోయడమంటే యూరప్‌వారు దేనికి భయపడి ఆ రసాయనాన్నే మానుకున్నారో ఆ పనిని చేతులారా చేయడమే. తుప్పును ఆపవలసిన ఫాస్ఫేటు కాల్షియంతో కలిసి పక్కుగా మారి గోడలకు అంటుకుంటుంది; దానితో ఇటు తుప్పు రక్షణ తగ్గుతుంది, అటు పక్కు వేడిని బయటకు పోనివ్వదు. నీళ్ళలో ఉప్పు, అంటే క్లోరైడు, ఎక్కువగా ఉంటే అది అల్యూమినియంను అక్కడక్కడా తొలిచి సన్నని గుంటలు చేస్తుంది. నా బండిలో పక్కు పట్టడానికి కారణం ప్రధానంగా ఆ రెండు లీటర్ల నీళ్ళేననీ, ఆకుపచ్చ కూలెంట్ దానికి తోడయిందనీ నేను అనుకుంటున్నాను. రెండు రకాల కూలెంట్లు కలిపిన ప్రతిసారీ గడ్డ కట్టాలని లేదు కానీ, సిలికేట్లు ఉన్నదానిని లేనిదానితో కలిపినప్పుడు అవి విడిపోయి జిగురులా పేరుకొనే అవకాశం ఉంది. అలా జరగకపోయినా, ఐదేళ్ళు రావలసిన కూలెంట్ అంతకాలం నిలవదు.

రంగు విషయానికి వస్తే, అది తయారీదారు తనకు నచ్చినట్టు కలిపే అద్దకం; దానికి ప్రపంచమంతటా చెల్లే నియమమేదీ లేదు. టయోటా వారి దీర్ఘకాల కూలెంట్ గులాబీ రంగులో ఉంటుంది, హోండా వారిది నీలం. రెండూ ఫాస్ఫేటు కుటుంబానికి చెందినవే. ఫోక్స్‌వాగన్ వారిది కాలాన్నిబట్టి నీలి ఆకుపచ్చ నుంచి ఎరుపుకు, అక్కడి నుంచి ఊదాకు మారింది. ఆకుపచ్చ అన్నంత మాత్రాన పాతరకం అనీ, గులాబీ అన్నంత మాత్రాన దీర్ఘకాలం నిలిచేదనీ అనుకోవడానికి ఆధారం లేదు.

కాబట్టి దుకాణంలో చెప్పవలసిన జవాబు కారుతోపాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. మా కారు పుస్తకంలో, అల్యూమినియం రేడియేటర్‌కు తగిన, ఫాస్ఫేటు ఆధారిత ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ వాడాలనీ, దానిలో డిస్టిల్డ్ వాటర్ లేదా లవణాలు తీసిన నీళ్ళు మాత్రమే కలపాలనీ, కఠిన జలం వాడవద్దనీ స్పష్టంగా రాసి ఉంది. ఆ పుస్తకం ఇన్నేళ్ళూ గ్లోవ్ బాక్సులోనే ఉంది. సీసా కొనేటప్పుడు దాని వెనుకవైపు చిన్న అక్షరాలలో మూడు సంగతులు వెతకాలి. అది ఏ రకం, ఫాస్ఫేట్లు, సిలికేట్లు ఉన్నవా లేనివా అన్నది మొదటిది. భారతీయ ప్రమాణం ఐఎస్ 5759 గాని, జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234 గాని, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి 3306 గాని పేర్కొన్నారా అన్నది రెండోది. మూడోది, అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది, అది నీళ్ళు కలిపి సిద్ధం చేసినదా లేక కాన్సంట్రేటా అన్నది. సిద్ధంగా ఉన్నదానిలో మళ్ళీ సగం నీళ్ళు కలిపితే గ్లైకాల్ పావువంతుకు పడిపోతుంది, దానితోపాటు తుప్పు నిరోధకాలూ ఉండవలసిన దానిలో సగానికి పడిపోతాయి. లారీల కోసం అమ్మే కూలెంట్ ధర తక్కువని దానిని కారులో పోయకూడదు. పెద్ద డీజిల్ ఇంజిన్లలో సిలిండర్ల లోపలి తొడుగులైన లైనర్లకు గుంటలు పడకుండా అందులో నైట్రైట్ల వంటివి వేరే కలుపుతారు.

"మన ఊళ్ళో నీళ్ళు గడ్డ కడతాయా ఏమిటి, ఈ గ్లైకాల్ మనకెందుకు?" అని నన్ను ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. దానికి యాంటీ ఫ్రీజ్ అన్న పేరు ఉండటం వల్ల వచ్చే సందేహం ఇది, సహజమైనదే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే చోట మనకు కావలసింది గడ్డకట్టకుండా కాపాడటం కాదు, మరగకుండా కాపాడటం. ఆ పని కూడా గ్లైకాలే చేస్తుంది. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరిగితే, సగం గ్లైకాల్ కలిపిన నీళ్ళు సుమారు 107 డిగ్రీల వరకూ మరగవు. రేడియేటర్ మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని బయటి గాలి కంటే సుమారు 1.1 బార్ ఎక్కువగా నిలిపి ఉంచితే, ఆ హద్దు దాదాపు 128 డిగ్రీలకు చేరుతుంది. వారధి మీద బండ్లు బారులు తీరి, ఏసీ నడుస్తూ, ఏసీ కండెన్సర్ వదిలిన వేడి గాలే వెనుకనున్న రేడియేటర్‌కు అందే పరిస్థితిలో ఆ పాతిక ముప్పై డిగ్రీల తేడాయే ఇంజిన్ పైభాగమైన హెడ్డును కాపాడేది. హెడ్డులో వాల్వుల చుట్టూ ఉండే ఇరుకు దారులలో ద్రవం మరిగి ఆవిరి బుడగగా మారితే అక్కడి లోహం వేడిని ఎవరూ తీసుకుపోరు. హెడ్డు వంగడం, దాని కింద బ్లాకుకు మధ్య ఉండే గాస్కెట్ పోవడం అక్కడ నుంచే మొదలవుతాయి. ఈ లెక్క అంతా మూత సరిగా పట్టి ఉన్నప్పుడే కనుక, కూలెంట్ మార్చినప్పుడు పాత మూతను కూడా పరీక్షించి, రబ్బరు ఎండిపోయి ఉంటే అదే ఒత్తిడి అంకె ముద్రించిన కొత్తది వేయించాలి.

నాన్నగారు అంబాసిడర్ నడిపిన రోజులలో డిక్కీలో ఎప్పుడూ ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా ఉండేది. ఎక్కడ చెరువు కనబడితే అక్కడ నింపుకొనేవారు. ఆ బండి రేడియేటర్ రాగి, ఇత్తడితో చేసినది, ఇంజిన్ పోత ఇనుముది, నీళ్ళ దారులు వెడల్పైనవి. ఇప్పటి బండ్లలో హెడ్డూ రేడియేటరూ అల్యూమినియంవి, గొట్టాలు సన్ననివి. ఆ కాలపు అలవాటును ఇప్పటి బండికి వర్తింపజేయడం వల్లనే చాలామంది నష్టపోతున్నారని నాకనిపిస్తుంది. వేసవిలో థర్మోస్టాట్ తీసి పారేయడం కూడా అటువంటి అలవాటే. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకొనే ఆ వాల్వు లేకపోతే ఇంజిన్ ఉండవలసిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

అలాగని గ్లైకాల్ ఎంత చిక్కగా పోస్తే అంత మంచిదనుకోవడమూ పొరపాటే. వేడిని మోసుకుపోవడంలో నీళ్ళను మించినది లేదు. సగం గ్లైకాల్ కలిపితేనే ఆ శక్తి సుమారు ఐదోవంతు తగ్గుతుంది, కాన్సంట్రేట్‌ను నేరుగా నింపితే సగానికి దగ్గరగా పడిపోతుంది. మా పుస్తకం ప్రకారం గ్లైకాల్ 35 శాతం కన్నా తక్కువ ఉండకూడదు, 60 శాతం దాటకూడదు. మన వాతావరణానికి 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే సరిపోతుందని నా నిర్ణయం.

ఈ శాతం దగ్గరే ఎవరూ చెప్పని ఒక లెక్క ఉంది. నా బండిలో మొత్తం పట్టేది సుమారు 5.5 లీటర్లు. కింది బోల్టు విప్పితే బయటకు వచ్చేది 3.5 లీటర్లే; మిగిలిన 2 లీటర్లు ఇంజిన్ బ్లాకులోనూ హీటర్ గొట్టాలలోనూ ఉండిపోతాయి. పాత మడ్డి పోవడానికి డిస్టిల్డ్ వాటర్ నింపి, ఇంజిన్ నడిపి, చల్లారాక దించి, మళ్ళీ నింపి, ఇలా నాలుగుసార్లు కడిగించాను. చివరికి లోపల మిగిలినది దాదాపుగా 2 లీటర్ల నీళ్ళే. ఇప్పుడు సగం సగం కలిపి అమ్మే కూలెంట్ 3.5 లీటర్లు పోస్తే, అందులో గ్లైకాల్ 1.75 లీటర్లు, దానిని మొత్తం 5.5 లీటర్లతో భాగిస్తే 32 శాతం కూడా రాదు. కొత్త కూలెంట్ పోయించామన్న సంతృప్తి మిగులుతుందే గాని, పుస్తకంలో చెప్పిన కనీస శాతం కూడా ఉండదు. అందువల్ల కడిగించినప్పుడు కాన్సంట్రేటే కొనాలి. నేను 2.75 లీటర్ల కాన్సంట్రేటు, 0.75 లీటరు డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయించాను. లోపలి నీళ్ళతో కలిసి సరిగా సగం సగం అయింది. కడగకుండా, ఉన్న మంచి కూలెంట్ కాస్త తగ్గినప్పుడు నింపడానికి మాత్రం అదే రకానికి చెందిన సిద్ధంగా కలిపినదే సులువు.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం కొన్నాను. దాని గాజు పలక మీద రెండు చుక్కలు వేసి, మూత వాల్చి, ఆకాశం వైపు పెట్టి కంటితో చూస్తే, పైన నీలం, కింద తెలుపు, మధ్యలో ఒక గీత కనబడతాయి. ఆ గీత గడ్డకట్టే ఉష్ణోగ్రత దగ్గర ఆగుతుంది. మైనస్ 37 దగ్గర ఆగితే గ్లైకాల్ సగం ఉన్నట్టు లెక్క. గుంటూరులో కూర్చొని మైనస్ 37 కోసం వెతకడం వింతగా తోచవచ్చు కానీ, చిక్కదనం తెలుసుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు కనబడలేదు. ఇంట్లో అంతకు ముందు కొని ఉంచిన ఒక చవక సీసాను కూడా పరీక్షించాను. సిద్ధంగా వాడుకోవచ్చని రాసి ఉన్న ఆ ద్రవంలో గీత మైనస్ 8 దగ్గరే ఆగింది, అంటే గ్లైకాల్ ఐదోవంతు మాత్రమే. మిగిలినది రంగు నీళ్ళు. కన్నుకు మాత్రం రెండూ ఒకేలా నిగనిగలాడుతూ కనబడ్డాయి.

డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులలో దొరుకుతుంది. ఇంట్లోని ఆర్వో నీళ్ళలో లవణాలు చాలావరకు తగ్గినా పూర్తిగా పోవు కనుక అవి రెండో పక్షం మాత్రమే. దారిలో తప్పనిసరి అయినప్పుడు, ఇంజిన్ బాగా చల్లారిన తరువాత, సీలున్న మంచినీళ్ళ సీసా ఒకటి పోసి ఊరు చేరుకోవడం ఖాళీ రేడియేటర్‌తో నడపడం కన్నా ఎంతో మేలు. కాకపోతే ఆ సంగతి మరిచిపోకుండా వారంలోగా దించి సరిచేయించాలి. నేను మరిచిపోయినది అదే.

ఇప్పుడు నెలకొకసారి, ఉదయం బండి తీయకముందే, రిజర్వు డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూస్తున్నాను. మూసి ఉన్న వ్యవస్థలో కూలెంట్ ఆవిరై తగ్గడమంటూ పెద్దగా ఉండదు. నెల నెలా తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందనో, గాస్కెట్ దగ్గర నుంచి సిలిండర్‌లోకి పోతోందనో అనుమానించాలి. ఏ రకం పోయించానో, ఏ తేదీన పోయించానో, ఎంత శాతమో ఒక చీటీ మీద రాసి బానెట్ లోపలి వైపు అతికించాను. రేపు ఏ షెడ్డులో ఎవరు మూత తీసినా ముందుగా అది కనబడుతుంది.

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అది విషం. కొద్దిగా కడుపులోకి వెళ్ళినా మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. నేల మీద ఒలికిన దానిని నాకి కుక్కలూ పిల్లులూ చనిపోతాయి. బండి కడిగించిన రోజున దించిన పాత ద్రవాన్ని కాలువలో పోయనివ్వకుండా, మూత ఉన్న డబ్బాలో పట్టించి షెడ్డులోనే పాత ఆయిల్ తీసుకుపోయేవారికి అప్పగించమని చెప్పి వచ్చాను. మిగిలిన పావు లీటరు కాన్సంట్రేటును మా ఇంట్లో ఎవరో సర్దుబాటు కోసం మంచినీళ్ళ సీసాలోకి వంపబోతే వారించి, దాని సొంత సీసాలోనే ఉంచి, మా పాపకు అందని అటక మీద పెట్టాను. ఆ సీసా చుట్టూ తెల్ల కాగితం చుట్టి, ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలలో "విషం" అని రాశాను.